దాణా లెక్కకు ఏ పద్ధతి, పాలబండి దారికి ఏ పద్ధతి: ఆప్టిమైజేషన్‌లో ఎంపిక

అనంతపురం శివార్లలో పశువుల దాణా కలిపి అమ్మే ఒక చిన్న యూనిట్ యజమాని, క్వింటాకు అయ్యే ఖర్చు తగ్గించే లెక్క ఒకటి వేసి పెట్టమని అడిగినప్పుడు, ఇంజినీరింగ్ విద్యార్థులకు ఏళ్ల తరబడి ఆపరేషన్స్ రీసెర్చ్ (షరతుల మధ్య అన్నిటికంటే మేలైన నిర్ణయాన్ని లెక్కతో తేల్చే శాస్త్రం, ఆ తేల్చడమే ఆప్టిమైజేషన్) పాఠం చెప్పిన నాకు అది అరగంట పనిగా తోచింది. లెక్క నిజంగానే అరగంటలో తెమిలింది. దాన్ని పనికొచ్చేలా చేయడానికి మాత్రం మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ గణితంలో తప్పు వెతకడానికి పోలేదు, నేను రాసుకున్న సమీకరణాల్లోకి ఏమేమి రాలేదో ఒక్కొక్కటిగా తెలుసుకోవడానికి పోయాయి.

ఏ పద్ధతి మేలు అని నన్ను అడిగేవారు సాధారణంగా రెండు రకాలు. ప్రాజెక్టు రిపోర్టులో కొత్తగా కనిపించే పేరు కోసం వెతికే విద్యార్థులు ఒక రకమైతే, రేపు ఉదయం బండి ఎటు వెళ్లాలో తేల్చుకోవలసిన చిన్న వ్యాపారులు మరొక రకం. ఈ వ్యాసం ప్రధానంగా రెండో రకం వారి కోసం. పాఠ్యపుస్తకం ఒక పద్ధతికి ఇచ్చే హామీ కాగితం మీది నమూనాకు మాత్రమే వర్తిస్తుంది. కాబట్టి ఒక పద్ధతి ఎంత మంచి సమాధానం ఇస్తుందన్నదానితో పాటు, ఆ సమాధానం మనకు నచ్చనప్పుడు అది ఎందుకు అలా వచ్చిందో ఆ పద్ధతి చెప్పగలదా అన్నది కూడా చూసి ఎంచుకోవాలని నా అభిప్రాయం. ఈ కొలతతో చూస్తే ఎంపిక చాలాసార్లు తేలికవుతుంది.

దాణా: లీనియర్ ప్రోగ్రామింగ్

వంద కిలోల దాణాలో కనీసం 20 కిలోల ప్రొటీన్ ఉండాలి, ఖర్చు కనిష్ఠంగా ఉండాలి. ఉప్పు, ఖనిజ లవణాలు పక్కన పెట్టి, లెక్క కోసం ధరలు ఇలా అనుకుందాం: కిలో తవుడు 18 రూపాయలు, మొక్కజొన్న 24, వేరుశనగ చెక్క 45. వీటిలో ప్రొటీన్ వరుసగా 14, 9, 42 శాతం. ఖర్చును, షరతులను సరళరేఖల సమీకరణాలుగా రాసి కనిష్ఠాన్ని వెతికే లీనియర్ ప్రోగ్రామింగ్ తక్షణమే ఇచ్చే సమాధానం 78.6 కిలోల తవుడు, 21.4 కిలోల వేరుశనగ చెక్క, క్వింటా ఖర్చు 2,379 రూపాయలు. ఇంతకంటే చౌకైన మిశ్రమం లేదని గణితం ప్రమాణం చేసి చెబుతుంది. ఆ కాగితం చూసిన యజమాని అడిగింది ఒకటే మాట: "ఇంత తవుడు ఏ ఎనుము తింటాది సార్?"

ఇది సిద్ధాంతంలో లోపం కాదు, దాని సహజ గుణం. లీనియర్ ప్రోగ్రాముకు సమాధానం ఎప్పుడూ షరతులు గీసిన ఆవరణలో ఒక మూల మీద దొరుకుతుంది. ఎన్ని షరతులు రాస్తే సుమారుగా అన్ని పదార్థాలే సమాధానంలో మిగులుతాయి. మనం రాసినవి రెండే షరతులు, మొత్తం వంద కిలోలు కావాలన్నది ఒకటి, ప్రొటీన్ రెండోది, కనుక రెండే పదార్థాలు మిగిలాయి. ఈ మూలల వెంట అడుగులు వేస్తూ వెతికే సింప్లెక్స్ పద్ధతిని 1947లో రూపొందించిన జార్జ్ డాంట్జిగ్‌కు కూడా ఈ అనుభవం తప్పలేదు. తన బరువు తగ్గించుకోవడానికి ఆయన కంప్యూటరుతో ఆహారపు లెక్క వేయిస్తే మొదట రోజుకు 500 గాలన్ల వెనిగర్ తాగమని వచ్చింది. వెనిగర్ తీసేస్తే రెండు వందల సూప్ బిళ్లలు వచ్చాయి. వాటికి హద్దు పెడితే రెండు పౌన్ల తవుడు వచ్చింది. మా దాణా యూనిట్‌లో ఆయన కథ అడుగు పొల్లుపోకుండా పునరావృతమైంది.

తవుడు 30 కిలోలు దాటకూడదని షరతు చేర్చాము. సమాధానం 28.8 కిలోల వేరుశనగ చెక్క, 41.2 కిలోల మొక్కజొన్నకు మారి, ఖర్చు 2,825 రూపాయలకు పెరిగింది. అప్పుడు పశువైద్యులొకరు అడ్డు చెప్పారు. చెమ్మ తగిలిన వేరుశనగ చెక్కలో బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుందని, అది పాలలోకి కూడా దిగుతుందని, కాబట్టి చెక్క 20 కిలోలకు మించకూడదని ఆయన మాట. ఆ షరతు పెట్టగానే లెక్కకు సమాధానమే లేదని వచ్చింది. చూస్తే నిజమే, ఈ మూడు పదార్థాలతో ఆ హద్దుల్లో ఎంత కలిపినా ప్రొటీన్ 17.1 శాతం దాటదు. "సమాధానం లేదు" అని ఖచ్చితంగా చెప్పగలగడం లీనియర్ ప్రోగ్రామింగ్‌కు ఉన్న పెద్ద బలం అని నేను క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు గానీ, ఆ మాట విలువ నాకు బోధపడింది ఆ రోజే. ఉజ్జాయింపుగా వెతికే పద్ధతి ఏదైనా వాడి ఉంటే, అది షరతును కొంచెం మీరిన మిశ్రమం ఒకటి తెచ్చి చేతిలో పెట్టేది, దాన్ని మేము నమ్మేవాళ్లం.

పత్తి గింజల చెక్కను చేర్చాము: ధర 32 రూపాయలు, ప్రొటీన్ 22 శాతం, అందులోని గాసిపాల్ అనే విషపదార్థం దృష్ట్యా 25 కిలోల హద్దు. తేలిన మిశ్రమంలో తవుడు 30, పత్తి చెక్క 25, వేరుశనగ చెక్క 18.9, మొక్కజొన్న 26.1 కిలోలు ఉన్నాయి. క్వింటా ఖర్చు 2,818 రూపాయలు.

అయితే యజమానికి ఈ మిశ్రమం కంటే ఎక్కువగా ఉపయోగపడినవి దానితో పాటు ఉచితంగా వచ్చే అంకెలు, అంటే ఒక్కో షరతును కాస్త సడలిస్తే ఖర్చు ఎంత మారుతుందో చెప్పే షాడో ప్రైస్‌లు. తవుడు హద్దును ఒక్క కిలో సడలిస్తే క్వింటాకు 9 రూపాయల 18 పైసలు మిగులుతుంది. ప్రొటీన్ షరతును 20 నుంచి 19కి తగ్గిస్తే సుమారు 64 రూపాయలు మిగులుతుంది. పత్తి చెక్క హద్దును ఒక కిలో పెంచితే మిగిలేది 27 పైసలు. పత్తి చెక్క ఎంత వేయాలన్న దాని మీద ఆ యూనిట్‌లో నెలల తరబడి వాదన సాగిందని తర్వాత తెలిసింది. వాదించవలసిన విషయం తవుడని ఆ మూడు అంకెలూ నిమిషంలో తేల్చాయి. ఖర్చు, షరతులు అన్నీ సరళరేఖల్లో రాయగలిగినంత వరకు మరో పద్ధతి వైపు చూడవద్దని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

అంకెల కచ్చితత్వం గురించి ఒక మాట. వేరుశనగ చెక్కలో ప్రొటీన్ 42 శాతమని రాసుకున్నాం గానీ, ఒక్కో లోడు ఒక్కోలా ఉంటుంది. అది 40 శాతమే అయితే మన దాణాలో ప్రొటీన్ 19.6కు పడిపోతుంది, ఎందుకంటే ఉత్తమ సమాధానం ఎప్పుడూ షరతు అంచున, ఏ మిగులూ లేకుండా నిలబడుతుంది. అందుకే వేరుశనగ చెక్క హద్దు ఒప్పుకున్నంత మేర షరతును 20.3గా రాసుకొని, క్వింటాకు దాదాపు 19 రూపాయలు అదనంగా ఒప్పుకోవడం తెలివైన పని. దీనికి రోబస్ట్ ఆప్టిమైజేషన్ అనే పెద్ద శాస్త్రమే ఉంది. చిన్న యూనిట్‌కు ఆ కాస్త మిగులు చాలు.

సింప్లెక్సా, ఇంటీరియర్ పాయింటా

పరీక్షల్లో అడిగే పోలిక ఇది, ఆచరణలో మనలాంటి వారికి అంతగా అక్కరలేని పోలిక కూడా ఇదే. అయినా సిద్ధాంతానికీ వాడుకకూ మధ్య ఎంత ఎడం ఉండగలదో చూపడానికి ఇంతకంటే మంచి కథ లేదు. సింప్లెక్స్ చెడ్డ సమస్య ఎదురైతే చలరాశుల సంఖ్యతో పాటు రెట్టింపవుతూ పోయే అన్ని అడుగులు వేయవచ్చని క్లీ, మింటీ 1972లో నిరూపించారు. 1979లో ఖచియాన్ ఎలిప్సాయిడ్ పద్ధతితో బహుపది కాలంలో, అంటే సమస్య పెరిగినా అడుగులు అలా విపరీతంగా పెరగకుండా, తేల్చవచ్చని చూపారు. సిద్ధాంతం ప్రకారం సింప్లెక్స్ అక్కడితో మూలన పడాలి. జరిగింది తలకిందులు. ఎలిప్సాయిడ్ పద్ధతి ఆచరణలో నత్తనడక నడిచింది, సింప్లెక్స్ మాత్రం అప్పటిలాగే వేల సమస్యలను చకచకా తేల్చుతూ పోయింది. అలా ఎందుకు జరుగుతుందో వివరించే సిద్ధాంతం స్పీల్‌మన్, టెంగ్‌ల చేతుల్లో 2001లో గానీ రాలేదు. చెడ్డ సమస్యలోని అంకెలను కాస్త కదిపితే చాలు దాని చెడ్డతనం పోతుందన్నది వారు చూపిన విషయం. మార్కెట్ యార్డు అంకెలు కదలకుండా ఎక్కడ ఉంటాయి గనుక!

ఐఐటీ బొంబాయిలో చదివి, బెల్ ల్యాబ్స్‌లో పనిచేస్తూ నరేంద్ర కర్మార్కర్ 1984లో ప్రచురించిన, మూలల వెంట కాక లోపలి నుంచి సమాధానం వైపు సాగే ఇంటీరియర్ పాయింట్ పద్ధతి మాత్రం సిద్ధాంతంలోనూ ఆచరణలోనూ నిలిచింది. లక్షల చలరాశులున్న సమస్యను ఒక్కసారి తేల్చాలంటే అదే మేలు. రోజూ ధరలు కొద్దిగా మారుతూ, నిన్నటి సమాధానం నుంచి మొదలుపెట్టి నాలుగు అడుగుల్లో ఇవాళ్టిది తేల్చాలంటే సింప్లెక్స్ మేలు. దాణా యూనిట్‌కు ఏదైనా ఒకటే.

కంప్యూటర్లు లేని రోజుల్లో ఈ ఎంపిక ఖరీదైన విషయం. ఆర్థికవేత్త జార్జ్ స్టిగ్లర్ 77 ఆహార పదార్థాలతో, 9 పోషకాల షరతులతో, అతి చౌకైన ఆహారాన్ని ఉజ్జాయింపుగా వెతికి, 1939 ధరల్లో ఏడాదికి 39.93 డాలర్లు అవుతుందని 1945లో ప్రకటించారు. అదే లెక్కను 1947లో సింప్లెక్స్‌తో, చేతి యంత్రాల మీద తొమ్మిది మంది కలిసి సుమారు 120 మనిషి దినాలు శ్రమించి తేల్చితే 39.69 డాలర్లు వచ్చింది. అంత శ్రమా ఏడాదికి 24 సెంట్లు మిగిల్చింది. ఉజ్జాయింపు చేసినాయన తెలివైనవాడైతే అసలుకూ ఉజ్జాయింపుకూ తేడా ఇంతేనని కొందరు దీన్ని చూపుతారు. నేను మరోలా చూస్తాను: ఆ 120 దినాల శ్రమ లేకపోతే తేడా 24 సెంట్లేనని స్టిగ్లర్‌కు కూడా తెలిసేది కాదు.

పాలబండి: ఇక్కడ హామీలు ఎదురు తిరుగుతాయి

పులివెందుల వైపు 25 పల్లెలు తిరిగి పాలు తెచ్చే బండి ఒకటి ఉందనుకుందాం. ఏ వరుసలో తిరిగితే దూరం తక్కువ? సాధ్యమైన వరుసలు 3 పక్కన 23 సున్నాలు పెట్టినన్ని ఉంటాయి. ఈ అంకె చూపించి భయపెట్టడం పాఠ్యపుస్తకాలకు అలవాటు. నిజానికి 1954లోనే డాంట్జిగ్, ఫల్కర్సన్, జాన్సన్ 49 నగరాల యాత్రను ఖచ్చితంగా తేల్చారు, 2006 నాటికి 85,900 బిందువుల యాత్ర కూడా తేలింది. ఇరవై ఐదు పల్లెల యాత్ర ఇవాళ మామూలు ల్యాప్‌టాప్ మీద క్షణాల పని.

ఉజ్జాయింపు పద్ధతుల పోలిక ఇంకా ఆసక్తికరం. క్రిస్టోఫైడిస్ 1976లో ఇచ్చిన పద్ధతి, దారి ఎంత చెడ్డదైనా ఉత్తమ దారికి ఒకటిన్నర రెట్లు మించదని హామీ ఇస్తుంది. రెండు దారి ముక్కలు ఒకదాన్నొకటి దాటుతుంటే విడదీసి తిరిగి కలుపుతూ పోయే టూ-ఆప్ట్ అనే ముతక పద్ధతికి అలాంటి గట్టి హామీ లేదు. అయినా యాదృచ్ఛికంగా పరచిన బిందువుల మీద పరీక్షిస్తే, హామీ ఉన్నది పది శాతం దాకా ఎక్కువ దూరం చూపుతుంది, హామీ లేనిది ఐదు శాతం దగ్గర ఆగుతుంది. ఒకటిన్నర రెట్ల హామీని మెరుగుపరచడానికి నలభై ఏళ్లకు పైగా ప్రయత్నించి 2020లో సాధించిన మెరుగుదల ఎంతంటే, దశాంశ బిందువు తర్వాత 35 సున్నాలు రాశాక వచ్చే ఒకటి అంత. గణితంగా అది గొప్ప విజయం, సందేహం లేదు. డీజిల్ ఖర్చు చూసుకునేవారికి మాత్రం టూ-ఆప్ట్ చాలు.

అసలు చిక్కు దూరంలో లేదు. ఎండాకాలంలో మన జిల్లాల్లో పాలు ఎంతసేపు చల్లబరచకుండా ఉంచగలం, ఏ పల్లెలో ఎన్ని గంటలకు పితుకుతారు, రెండో బండి ఎప్పుడు ఖాళీ అవుతుంది అన్న షరతులు వచ్చి చేరగానే ఇది యాత్రా సమస్యగా మిగలదు. అలాంటప్పుడు ముందుగా ఒక మామూలు దారి వేసుకొని, దాన్ని చిన్న చిన్న మార్పులతో బాగుచేసే ఉజ్జాయింపు పద్ధతులు నయం. వాటి కోసం గూగుల్ ఉచితంగా ఇచ్చే ఓఆర్-టూల్స్ అనే సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. ఒక జాగ్రత్త తీసుకోవాలి: కంప్యూటర్ ఇచ్చిన దారి పక్కన ఇప్పుడు డ్రైవరు వెళ్తున్న దారిని కూడా అవే షరతులతో లెక్కగట్టాలి. డ్రైవరు దారే మేలని తేలితే పద్ధతిని తప్పుపట్టకముందు, ఆయనకు తెలిసి మనం రాయని షరతు ఏదో ఉందేమో అడగాలి. నాకు ఒకసారి అలా దొరికిన షరతు, ఉదయం ఎనిమిదికి మూతపడే ఒక రైల్వే గేటు.

టైంటేబుల్: ఇంటీజర్ ప్రోగ్రామింగ్

ఔను-కాదు నిర్ణయాలు ఉన్నచోట, అంటే ఏ పీరియడ్‌లో ఎవరు, ఏ షిఫ్టులో ఎవరు, ఏ గోదాము తెరవాలి అన్నచోట, లీనియర్ ప్రోగ్రాము ఇచ్చిన భిన్నాలను దగ్గరి పూర్ణాంకానికి సవరించుకోవడం పెద్ద తప్పు. సగం మాస్టారు ఆ గదిలో, సగం ఈ గదిలో అని వచ్చిన సమాధానాన్ని సవరిస్తే షరతులన్నీ చెదిరిపోతాయి. సమాధానం పూర్ణాంకాల్లోనే రావాలని ముందే షరతు పెట్టేదే ఇంటీజర్ ప్రోగ్రామింగ్. దాణా బస్తాల్లాంటి పెద్ద సంఖ్యల దగ్గర సవరణ ఫరవాలేదు.

ఇక్కడ సిద్ధాంతం ఆలస్యంగా గెలిచిన సందర్భం ఒకటుంది. గొమోరీ 1958లో కనిపెట్టిన, భిన్నాల సమాధానాలను కొత్త షరతులతో కోసివేసే కోత పద్ధతి సిద్ధాంతంలో చక్కనిదే గానీ ఆచరణలో పనికిరాదని దశాబ్దాల పాటు అందరూ నమ్మారు. దాన్ని ఒంటరిగా కాక, 1960లో లాండ్, డోయిగ్ ఇచ్చిన శాఖలు వేసి వెతికే పద్ధతితో కలిపి, ఒక్కో కోత కాకుండా ఒకేసారి అనేక కోతలు వేస్తే అద్భుతంగా పనిచేస్తుందని 1990ల మధ్యలో తేలింది. పనికిరాదని ముద్రపడిన దాన్ని నేటి సాల్వర్లన్నీ, అంటే ఇలాంటి లెక్కలు తేల్చే ప్రోగ్రాములన్నీ, మోస్తున్నాయి.

టైంటేబుల్‌కు నేను సిఫారసు చేసేది ఓఆర్-టూల్స్‌లోని సీపీ-శాట్. ఇలాంటి సాల్వర్లు దొరికిన సమాధానంతో పాటు, ఇంతకంటే మెరుగైనది ఉన్నా ఎంతవరకే ఉండగలదో ఒక హద్దు కూడా చెబుతాయి. ఆ తేడా రెండు శాతానికి వచ్చాక ఆపేయండి. మిగిలిన రెండు శాతం కోసం రాత్రంతా యంత్రం తిప్పినా, తెల్లవారి ఒక అధ్యాపకుడు సెలవు పెడితే ఆ శ్రమంతా పోతుంది.

చీమలు, తోడేళ్లు, గబ్బిలాలు

విద్యార్థులకు ఎక్కువ ఇష్టమైనవి, ప్రకృతిని అనుకరిస్తూ సమాధానం వెతికే ఈ పద్ధతులే. జెనెటిక్ అల్గారిథమ్, చీమల బారు, 1995 నాటి పార్టికిల్ స్వార్మ్, 2010 నాటి గబ్బిలం, 2014 నాటి బూడిదరంగు తోడేలు, ఇలా జంతుప్రదర్శనశాల ఏటా పెరుగుతోంది. అన్ని సమస్యల మీదా సగటు తీస్తే ఏ వెతుకులాట పద్ధతీ మరొకదాన్ని మించదని వోల్పర్ట్, మాక్రెడీ 1997లో నిరూపించారు. కాబట్టి కొత్త జంతువు పాత జంతువును ఓడించిందని ఇరవై సమస్యల పట్టిక చూపిస్తే నేను పెద్దగా కదలను. వీటిని పూర్తిగా తోసిపుచ్చడం కూడా సరికాదు. ఖర్చును సూత్రంగా రాయలేనప్పుడు, ప్రతి ప్రయత్నానికీ ఒక సిమ్యులేషన్ నడపవలసి వచ్చినప్పుడు ఇవి పనికొస్తాయి. దొరికిన సమాధానం ఉత్తమానికి ఎంత దూరంలో ఉందో మాత్రం ఇవి చెప్పవు, షరతు అసాధ్యమైనా చెప్పవు. దాణా లెక్కకు తోడేళ్లను తెచ్చిన ప్రాజెక్టు రిపోర్టు ఒకటి నేను దిద్దాను. సింప్లెక్స్ రెప్పపాటులో ఇచ్చే సమాధానానికి అది నాలుగు నిమిషాల్లో దగ్గరగా వచ్చింది.

మెషీన్ లెర్నింగ్ చదివేవారికి ఒక్క మాట. కోషీ 1847లో చెప్పిన వాలు వెంట దిగే పద్ధతి నుంచి 2014 నాటి ఆడమ్ అనే పద్ధతి దాకా అక్కడ రాజ్యం వేరు. ఆడమ్ సమాధానానికి చేరుతుందన్న నిరూపణలో లోపముందని 2018లో ఎదురు ఉదాహరణతో చూపారు. అయినా దాని వాడుక తగ్గలేదు, ఎందుకంటే అక్కడ కావలసింది కొత్త డేటా మీద బాగా పనిచేసే నమూనా. ఖచ్చితమైన కనిష్ఠం ఎవరికీ అక్కరలేదు.

ఎక్సెల్ సాల్వర్‌లో మూడు బటన్లు

చాలామందికి చేతిలో ఉండేది ఎక్సెలే, అది చేయగలిగినంత వరకు మరొకటి కొనవద్దు. అందులోని సాల్వర్‌లో మూడు పద్ధతులుంటాయి, ముందుగా ఎంపికై ఉండేది వక్రరేఖల లెక్కలకు ఉద్దేశించిన జీఆర్‌జీ నాన్‌లీనియర్. దాణా లాంటి లెక్కకు దాన్ని తప్పనిసరిగా సింప్లెక్స్ ఎల్‌పీకి మార్చాలి. జీఆర్‌జీ ఇచ్చేది మొదలుపెట్టిన చోటికి దగ్గరలోని కనిష్ఠమే కావచ్చు, షీటులో ఇఫ్, మాక్స్ లాంటి ఫార్ములాలుంటే అది తడబడుతుంది. వక్రరేఖల సమస్యకు అదే గతి అయితే, వేర్వేరు అంకెలతో పదిసార్లు మొదలుపెట్టి చూడండి. మూడోది జెనెటిక్ అల్గారిథమ్ కోవకు చెందిన ఎవల్యూషనరీ, దాన్ని ఆఖరికి ఉంచుకోండి. చలరాశులు 200 దాటితే ఎక్సెల్ ఒప్పుకోదు. అప్పుడు పైథాన్‌లో ఎడిన్‌బరా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన హైజ్ (HiGHS) అనే ఉచిత సాల్వరు వాడవచ్చు.

సమాధానాన్ని పనివాళ్ల చేతికి ఇచ్చే ముందు ఒక ధరను కదిపి చూడండి. మా దాణాలో వేరుశనగ చెక్క ధరను 45 నుంచి 44కి తగ్గించగానే మిశ్రమం మారిపోయింది: వేరుశనగ చెక్క తన హద్దు 20కి ఎక్కింది, పత్తి చెక్క 25 నుంచి 22.3కి దిగింది. ఆ మార్పు వల్ల క్వింటాకు మిగిలేది దాదాపు 33 పైసలు. మేత తరచూ మారితే పశువుల జీర్ణం దెబ్బతిని పాలు తగ్గుతాయి, ఆ సంగతి లెక్కలో ఎక్కడా లేదు. అందుకని ఆ యూనిట్‌లో ఇప్పుడు ప్రతి సోమవారం కొత్త ధరలతో లెక్క వేస్తారు గానీ, క్వింటాకు పది రూపాయలకు మించి మిగిలితే తప్ప గోడమీది మిశ్రమం కాగితాన్ని మార్చరు.